ద్రాక్షమధువు - తాటినీరా

శ్రోతలారా! మద్యమన్నంతనే చెవులు మూసికొనవలదు. అర్థశాస్త్రమున సురాధ్యక్షుని గూర్చి వ్రాయుచు కౌటిల్యుఁడే ద్రాక్షారసమునకు మధువని పేరిడి, కాపిశాయనము, హారహూరకము అని దేశమునుబట్టి భేదములు చెప్పెను.

ఫ్రాన్సుదేశమున బోర్డో నగరమునకు దక్షిణముగా సొతెర్న్ అను సీమ గలదు. సిరోన్ అను చల్లని యేఱు గరోన్ నదిం గలియు నా ప్రాంతమున శరత్కాలపు వేకువల మంచు క్రమ్మును. ఆ తేమకు తెల్లద్రాక్షపై నొక బూజు పుట్టి తొక్కను తొలుచును. పగటియెండకు పండులోని నీరింకి తీపి చిక్కఁబడును. ఇరుగుపొరుగు సీమలవారు కోఁతలు ముగించినను వీరు కాచుకొనియుందురు. తగినంత వడలిన పండ్లనే యేఱుచు తోఁట పలుమాఱులు తిరుగుదురు. నడుమ వానలు పట్టెనా, పంట పోయినట్లే. ఇకెమ్ అను ప్రసిద్ధమైన తోఁటవారు 2012వ సంవత్సరపుఁ బంట నాసిగా నుండుటచే తమ పేరిట మధువునే వెలువరింపలేదు. వ్యాపారులలో నిట్టి పట్టుదల యరుదు!

మన కొల్లేటి మంచునకు ద్రాక్షతోఁటల ప్రాప్తము లేదు. ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములఁ జేలగట్లపైనున్నవి తాటిచెట్లు. వీని రసము కాచుకొనదు. ముంతలోపల సున్నము పూసి, ప్రొద్దుపొడుపునకు ముందే దింపినచో తియ్యని నీరా. జాగైనచో పులిసి కల్లగును. అందులకే గీఁతగాఁడు నడుమునకు మోకు బిగించి చీఁకటితోనే చెట్టెక్కును. మంచుకుఁ దడిసిన మ్రాను జాఱును. అయినను గెలకొన నానాఁడు చెక్కకున్న రసమాఱిపోవును.