ఇంట్లో మొదటి డాక్టరేటు
(అబిడ్స్ సభలో చేసిన ప్రసంగం)



ఈ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట పాత పుస్తకాలు బేరమాడి కొనుక్కుని చదివినవాళ్ళం మేం. మా ఇండ్లల్ల మొదటి డిగ్రీలు మావి. మొదటి పీహెచ్‌డీలు మా పిల్లలవి కావాలె. "ఇంకెన్నేండ్లు చదువుతవ్ బిడ్డా?" అని తల్లి అడుగుతది. ఆ పిల్లకు పైసలు ఆలస్యమైతే ఏం జవాబు చెప్తది?

బాబాసాహెబ్ 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో కొలంబియా వెళ్ళారు. దాని గడువు తీరగానే 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టి, అప్పు తెచ్చి 1920లో మళ్ళీ వెళ్ళారు. 1923లో అక్కడి డాక్టరేటు సాధించారు.

మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2016 జనవరి 17న మనల్ని విడిచిపోయిన రోహిత్ వేముల ఏం రాసిపోయాడు? తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్, 1 లక్షా 75 వేల రూపాయలు, ఇంటివాళ్ళకు అందేటట్టు చూడమన్నాడు. కుట్టుమిషను మీద పిల్లల్ని సాకిన తల్లి ఆమె.

పంతుళ్ళం మనం. జీతం ఆగితే రోడ్డెక్కుతం. పరిశోధన చేసే పిల్లలకు ఫెలోషిప్పే జీతం. మెస్ బిల్లు దాంట్లోంచే, ఇంటికి పంపేది దాంట్లోంచే. నెలనెలా ఒకటో తారీఖున అది చేతికి రావాలె. దానికోసం కూడా రోడ్డెక్కుదాం. ఇంట్లో మొదటి డాక్టరేటే ఆఖరిది కాకుండా చూసుకుందాం.

జై భీమ్!