పట్టణంలో తొలి సంఘం: ఒకే బల్ల దగ్గర ఎవరెవరు?



ఆది సంఘం, పట్టణాలు అనే అంశం చేతికి రాగానే మాకు ముందు తట్టింది ఒక చిక్కు. తెలుగు క్రైస్తవులుగా మన కథ పట్టణంలో మొదలు కాలేదు. పల్లెలో, అందులోనూ పల్లెకు బయట ఉన్న వాడలో మొదలైంది. 1876-78 కరువు రోజుల్లో బకింగ్‌హామ్ కాలువ తవ్విన కూలీలు, వాళ్ళ మధ్య పనిచేసిన క్లౌ దొర, ఆయనకంటే ముందే సువార్తను తన వాళ్ళ మధ్యకు మోసుకెళ్ళిన ఎర్రగుంట్ల పేరయ్య, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే బాప్తిస్మం పొందిన 2,222 మంది: ఇది మన చరిత్ర. కాలువ గట్టు, చెరువు గట్టు, చింతచెట్టు నీడ. కొత్త నిబంధనలో సంఘం కథ దీనికి తలకిందులుగా నడుస్తుంది. అక్కడ సువార్త ఒక పట్టణం నుంచి ఇంకో పట్టణానికి దూకుతుంది, పల్లెలకు ఆలస్యంగా చేరుతుంది. ఎంత ఆలస్యమంటే, లాటిన్‌లో పల్లెవాడు అని అర్థమున్న మాటనే తర్వాతి కాలపు క్రైస్తవులు క్రైస్తవేతరులందరికీ వాడడం మొదలుపెట్టారు. మన దగ్గర పల్లెవాడు అంటే చర్చికి వెళ్ళేవాడు అని చాలా జిల్లాల్లో అర్థం వచ్చింది!

అయితే యేసు ప్రభువు మాత్రం పల్లెల మనిషే. నజరేతుకు సుమారు ఆరు కిలోమీటర్ల దూరంలో సెఫోరిస్ అనే పెద్ద పట్టణం ఉంది. హేరోదు అంతిప దాన్ని తిరిగి కట్టించాడు. వడ్రంగి పని తెలిసిన కుటుంబానికి అంత దగ్గరలో అంత పెద్ద పని జరుగుతుంటే తెలియకుండా ఉండదు. కానీ నాలుగు సువార్తల్లో ఎక్కడా ఆ ఊరి పేరే లేదు. అదే అంతిప సరస్సు ఒడ్డున కట్టించిన తిబెరియ పేరు యోహాను సువార్తలో మాత్రం వినబడుతుంది, అక్కడికి యేసు వెళ్ళినట్టు చెప్పలేదు. ఆయన చివరికి వెళ్ళిన మహానగరం యెరూషలేము ఒక్కటే. దాన్ని చూసి ఏడ్చాడు. ఆ నగరం ఆయనను గవిని బయటికి తీసుకెళ్ళి చంపింది. హెబ్రీ పత్రిక రాసినవారు ఆ 'బయట' అనే మాట మీద ఆగి, మనం కూడా శిబిరం బయటికి ఆయన దగ్గరికి వెళ్దామంటారు. ఊరు వేరు, వాడ వేరు అని పెరిగిన మనకు ఈ మాటకు వ్యాఖ్యానం అక్కర లేదు.

మరి పల్లెల ప్రభువును పట్టణాల్లోకి తెచ్చింది ఎవరు? పౌలు అని వెంటనే అంటాం. కాదు. అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయం జాగ్రత్తగా చదవండి. స్తెఫను మరణం తర్వాత హింసకు చెదరిపోయినవాళ్ళు ఫేనీకే, కుప్ర, అంతియొకయ వరకు వెళ్ళారు. వాళ్ళలో కుప్రవాళ్ళు కొందరు, కురేనేవాళ్ళు కొందరు అంతియొకయలో యూదులతోనే కాక గ్రీసు దేశస్థులతో కూడా మాట్లాడారు. లూకా వాళ్ళ పేర్లు ఒక్కటీ రాయలేదు. వాళ్ళకు ఏ సంఘమూ చేతులుంచి ప్రత్యేకించలేదు, దారి ఖర్చులు ఇవ్వలేదు. ప్రాణాలు దక్కించుకోవడానికి వచ్చినవాళ్ళు, బతుకుతెరువు కోసం ఆగినవాళ్ళు. యెరూషలేము సంఘానికి ఈ సంగతి తర్వాత తెలిసింది, విచారించడానికి బర్నబాను పంపింది. పట్టణ సువార్తను మొదలుపెట్టింది వలస వచ్చినవాళ్ళు.

మన పెద్దలు కూడా అలాగే వచ్చారు గదా. కోలారు బంగారు గనుల్లోకి దిగినవాళ్ళు, షోలాపూర్ మగ్గాల దగ్గర కూర్చున్నవాళ్ళు, ముంబయి కట్టిన కామాటి కూలీలు (కామాటిపుర అనే పేరే వాళ్ళది), బెంగళూరు వీధులు ఊడ్చేవాళ్ళు. వీళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. క్రైస్తవులైనవాళ్ళు మాత్రం గుడ్డలమూటలో తెలుగు బైబిలు, పాటల పుస్తకం కూడా పెట్టుకుని వచ్చారు.

అంతియొకయ సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి. క్రీ.పూ. 300లో సెల్యూకసు కట్టించిన ఊరు. రోమా సామ్రాజ్యంలో రోమా, అలెక్సంద్రియల తర్వాత అంత పెద్దదిగా లెక్కించేవారు. ఇప్పుడది టర్కీలోని అంతాక్యా. 2023 ఫిబ్రవరి భూకంపంలో ఘోరంగా కూలిపోయిన ఊరు అదే. గ్రీకులు, సిరియావాళ్ళు, యూదులు, మాసిదోనియ సైనికుల సంతతి, ఎవరి భాష వాళ్ళది, ఎవరి పేట వాళ్ళది. 13వ అధ్యాయం మొదట్లో అక్కడి సంఘ నాయకుల పేర్లు అయిదు ఉన్నాయి. కుప్ర నుంచి వచ్చిన లేవీయుడు బర్నబా. నీగెరు, అంటే నల్లవాడు, అని పిలిచే సుమెయోను. ఆఫ్రికా ఉత్తర తీరం కురేనే నుంచి వచ్చిన లూకియ. హేరోదుతో కలిసి పెరిగిన మనయేను. తార్సువాడు సౌలు. మన సంఘాల్లో ఒక కమిటీ జాబితా ఇలా తయారైతే ఎన్నికల్లో ఎంత రభస జరిగేదో మీకు తెలుసు.

శిష్యులను మొదట క్రైస్తవులు అన్నది ఆ ఊళ్ళోనే. అది వాళ్ళు తమకు తాము పెట్టుకున్న పేరు కాదని, ఊరివాళ్ళు పెట్టిన పేరని పండితుల్లో చాలామంది అంటారు. ఎందుకు పెట్టాల్సి వచ్చింది? మాకు తోచేది ఇది: అంతవరకు ఉన్న పేర్లలో ఏదీ వాళ్ళకు అతకలేదు. యూదులు అందామంటే గ్రీకులు ఉన్నారు, గ్రీకులు అందామంటే యూదులు ఉన్నారు. కలిసి తింటున్నారు. ఏ కులం అని అడిగితే జవాబు దొరకని గుంపుకు కొత్త పేరు కావాలి.

ఆ కలిసి తినడం దగ్గరే గొడవ వచ్చింది. గలతీ పత్రిక 2వ అధ్యాయంలో పౌలు చెబుతాడు. పేతురు అంతియొకయకు వచ్చి అన్యజనులతో కలిసి భోంచేస్తూనే ఉన్నాడు. యాకోబు దగ్గరనుంచి కొందరు రాగానే మెల్లగా వెనక్కి తగ్గి, పక్కకు జరిగాడు. ఆయనను చూసి మిగతా యూదులు జరిగారు, బర్నబా కూడా జరిగాడు. పేతురు సిద్ధాంతం ఏమీ మార్చుకోలేదు, ఎవరినీ తిట్టలేదు. విస్తరి మార్చుకున్నాడు, అంతే. పౌలు దాన్ని అందరి ముందూ నిలదీశాడు, సువార్త సత్యానికే విరుద్ధమన్నాడు. భోజనాల దగ్గర ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది మర్యాదకు సంబంధించిన విషయం కాదని, సువార్తకు సంబంధించిన విషయమని తేల్చిన మొదటి జగడం అది. రెండు గ్లాసుల పద్ధతి చూసిన దేశంలో ఈ అధ్యాయం మీద ఎన్ని ప్రసంగాలు వినాలో అన్ని వినడం లేదు.

కొరింథులో ఇదే బల్ల ఇంకో రకంగా విరిగింది. క్రీ.పూ. 146లో రోమా సైన్యం నేలమట్టం చేసిన ఊరును 44లో జూలియస్ సీజర్ మళ్ళీ కాలనీగా నిలబెట్టాడు. అక్కడికి పంపినవాళ్ళలో ఎక్కువమంది విడుదల పొందిన దాసులు, పేదలు. రెండు రేవులు, రెండు సముద్రాల వ్యాపారం. రెండు మూడు తరాల్లో ధనవంతులైన కుటుంబాలు పుట్టుకొచ్చాయి. పాత జమీందారీలు లేని ఊరు కాబట్టి, డబ్బు చూపించుకోవడమే గౌరవం. పౌలు అక్కడ ఏడాదిన్నర ఉన్నాడు, డేరాలు కుట్టి బతికాడు. ఆ సంఘంలో జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశాలవాళ్ళు ఎక్కువమంది లేరని ఆయనే రాశాడు. ఎక్కువమంది లేరంటే కొందరున్నారనే గదా. రోమా పత్రిక చివర్లో పట్టణపు ఖజానాదారుడు ఎరస్తు పేరు ఉంది. ఈ కొద్దిమంది ఇళ్ళలోనే సంఘం కూడుకోవాలి, ఎందుకంటే అందరూ పట్టే చోటు వాళ్ళకే ఉంది.

రోమా పద్ధతి ఇంట్లో భోజనశాలలో మూడు మంచాలు, మామూలుగా తొమ్మిదిమందికి చోటు. మిగిలినవాళ్ళు బయట నడవలో. ఇంటాయన స్నేహితులు ముందు వస్తారు, లోపల ఒరిగి కూర్చుంటారు, మంచివి తింటారు, తాగుతారు. దాసులు, రేవు కూలీలు పని ముగించుకుని చీకటి పడ్డాక వస్తారు. అప్పటికి ఏముంటుంది? మొదటి కొరింథీ పత్రిక 11వ అధ్యాయాన్ని ఈ ఇంట్లో నిలబడి చదివితే తప్ప అర్థం కాదు. ఒకడు ఆకలితో ఉన్నాడు, ఇంకొకడు మత్తులో ఉన్నాడు, లేనివాళ్ళను సిగ్గుపరుస్తున్నారు, ఇది ప్రభువు భోజనమే కాదు అంటాడు పౌలు. గెర్డ్ థైసెన్ అనే జర్మన్ పండితుడు ఈ వర్గ భేదాన్ని లోతుగా పరిశీలించాడు. వేన్ మీక్స్ 1983లో వచ్చిన తన పుస్తకంలో పౌలు సంఘాలను తొలి పట్టణ క్రైస్తవులుగా చదివాడు. చదువుకునే పిల్లలు ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి.

అయోగ్యంగా బల్లలో చేయి వేయకూడదనే హెచ్చరిక ప్రతి సంస్కారపు ఆదివారం వింటాం. ఎవరెవరు అయోగ్యులో లెక్కపెడతాం. ఆ హెచ్చరిక ముందు ఎవరికి వచ్చింది? ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం ఆగనివాళ్ళకు. ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండి అనే అర్థంతోనే పౌలు ఆ సంగతి ముగించాడు. మన నగరాల్లో ఆదివారం కూడా తెల్లవారుజామున చీపురు పట్టే అక్కలు, నైట్ డ్యూటీ చేసే సెక్యూరిటీ అన్నలు, ఇళ్ళల్లో పనికి వెళ్ళే తల్లులు ఉన్నారు. మన ఆరాధన గంట ఎవరి పనివేళలు చూసి పెట్టారు? సంఘ పెద్దలు ఈ ప్రశ్న ఒక్క మీటింగులో అజెండాగా పెట్టి చూడాలి.

ఇక పట్టణంలో సువార్తకు శత్రువు ఎవరు? ఫిలిప్పీలో సోదె చెప్పే బానిస పిల్ల ఉంది. ఆమె వల్ల యజమానులకు ఆదాయం. పౌలు ఆమెను బాగుచేశాడు, ఆదాయం ఆగింది. యజమానులు న్యాయాధిపతుల ముందు పెట్టిన ఫిర్యాదులో డబ్బు మాటే లేదు. వీళ్ళు యూదులు, మన ఊళ్ళో గలిబిలి చేస్తున్నారు, రోమీయులమైన మనకు తగని ఆచారాలు ప్రచారం చేస్తున్నారు అన్నారు. జేబుకు చిల్లు పడితే 'పరాయివాళ్ళు' అని కేక పెట్టడం ఎంత పాత అలవాటో చూశారా? ఎఫెసులో దేమేత్రి కొంచెం నిజాయితీపరుడు. వెండి పనివాళ్ళను పిలిచి ముందు జీవనం సంగతి చెప్పాడు, తర్వాత అర్తెమిదేవి గౌరవం సంగతి చెప్పాడు. నాటకశాల చేరేసరికి జనం నోట దేవి పేరే మిగిలింది, చాలామందికి ఎందుకు వచ్చారో కూడా తెలియదని లూకా రాశాడు. పరభాషా రాష్ట్రాల్లో తరతరాలుగా ఉంటున్న మనకు ఈ రెండు అధ్యాయాలు అక్కరకొస్తాయి. మన మీద అలాంటి కేక వచ్చినప్పుడే కాదు, మన తర్వాత వచ్చిన బీహారు, ఒడిశా, అస్సాం కూలీల మీద అదే కేక వేయడానికి మన నోరు తెరుచుకున్నప్పుడు కూడా.

ఇక్కడే అకుల, ప్రిస్కిల్ల దంపతుల గురించి చెప్పాలి. అకుల నల్ల సముద్రం ఒడ్డున పొంతులో పుట్టాడు. రోమాలో ఉన్నారు. క్రీ.శ. 49 ప్రాంతంలో క్లౌదియ చక్రవర్తి యూదులను వెళ్ళగొడితే కొరింథు చేరారు. అక్కడ పౌలుకు పని, తలదాచుకునే చోటు ఇచ్చారు. తర్వాత ఎఫెసు, అక్కడ వాళ్ళింట్లో సంఘం. రోమా పత్రిక నాటికి మళ్ళీ రోమా, అక్కడా వాళ్ళింట్లో సంఘం. ఇన్ని ఊళ్ళు మారిన కుటుంబానికి ఇల్లు అంటే అద్దె గదే అయి ఉండాలి. బైబిల్లో ఆ జంట పేరు ఆరు చోట్ల వస్తే నాలుగు చోట్ల భార్య పేరే ముందు. ఎంతో చదువుకున్న అపొల్లోకు ఇంట్లో కూర్చోబెట్టి పాఠం చెప్పినప్పుడు కూడా ఆమె పేరే ముందు. మన సంఘాల్లో స్త్రీలకు వేదిక ఇవ్వడం మీద జరిగే వాదనలకు మేం ఇంతకంటే పొడిగించం.

పట్టణం అంటే పాపపు గూడు అని మనలో కొందరు పెద్దలు అంటారు. బైబిల్లో మొదటి ఊరు కట్టింది కయీను అని గుర్తుచేస్తారు. నిజమే. ప్రకటన గ్రంథం 18వ అధ్యాయంలో మహా బబులోను కూలినప్పుడు వర్తకులు ఏడ్చే సరుకుల జాబితా ఉంది. బంగారం, వెండితో మొదలై, సన్నపు నార, దాల్చినచెక్క, ద్రాక్షారసం, గోధుమలు, పశువులు, రథాలు దాటి, అన్నిటికంటే చివర మనుషుల శరీరాలు, ప్రాణాలు. సంతలో మనిషి వరుస అది. కానీ అదే గ్రంథం ముగిసేది ఏదెను తోటలోకి తిరిగి వెళ్ళి కాదు, ఇంకో పట్టణంలో. దాని గుమ్మాలు పన్నెండు, పగలు మూయరు, అక్కడ రాత్రి లేదు.

చివరగా క్రీ.శ. 112 ప్రాంతంలో ఒక ఉత్తరం. పొంతు, బితూనియలకు అధికారిగా ఉన్న ప్లినీ, త్రాజాను చక్రవర్తికి రాశాడు. అకుల పుట్టిన ప్రాంతం అదే. ఈ వ్యాధి పట్టణాల్లోనే కాదు, పల్లెలకు, పొలాలకు కూడా పాకిందని ఫిర్యాదు. వీళ్ళు ఒక రోజున తెల్లవారకముందే కూడుకుంటారు, తర్వాత మళ్ళీ కలిసి మామూలు భోజనమే చేస్తారు అని రాశాడు. నిజం రాబట్టడానికి ఇద్దరు దాసీలను హింసించాడు. తమవాళ్ళు వాళ్ళను పరిచారికలని పిలుస్తారని రాశాడు. వాళ్ళ పేర్లు రాయలేదు.