కొత్త యింట పనిశాల



ఈ నెలసభలో చందాల లెక్కలు చదువుట మాకు వాడుక. నేడు మాత్రము ఊరి వెలుపల కొత్తగా ఇండ్లు కట్టుకొనుచున్న మన యువకులకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. వారిలో పలువురు కారు నిలుపుటకు వేసిన షెడ్డునే మోటారు వైండింగు పనిశాలగా మార్చుకొనుచున్నారు. అందు తప్పు లేదు. 1932లో పైకారా జలవిద్యుత్కేంద్రము పని ఆరంభించిన పిదప ఈ కోయంబత్తూరు పరిశ్రమ పెరుగుటలో చిన్న షెడ్ల పాలు తక్కువది కాదు. 1937లో జి.డి. నాయుడుగారును బాలసుందరం నాయుడుగారును స్వదేశీ ఎలక్ట్రిక్ మోటారును చేసి చూపిన ఊరు ఇది.

చలిదేశములందు పనిశాలను వెచ్చజేయుట మనుష్యుల కొరకు. మనకు ఆ చింత లేదు. వేడి కావలసినది కాయిళ్ళకు. జూను మొదలు సెప్టెంబరు వరకు పాల్ఘాటు కనుమ నుండి వీచు గాలి తేమను తెచ్చును. కాయిలు నడుమ పెట్టిన కాగితము ఆ తేమను పీల్చుకొనును. అట్టి మోటారు మన బల్లమీద చక్కగా తిరుగును, రైతు బావికి చేరిన కొలది దినములకే కాలిపోవును. ఎండునది రైతు పంట, పోవునది మన పేరు. కావున వార్నీషులో ముంచుటకు ముందు కాయిళ్ళను నూరు డిగ్రీలకు పైబడిన వేడిలో ఉంచి నీటిని వెడలగొట్టవలెను. ముంచిన పిదప కారునదంతయు కారనిచ్చి, డబ్బాపై వ్రాసిన వేడిలో, వ్రాసినన్ని గంటలు కాల్చవలెను. గంట తగ్గించిన లాభమేమియు లేదు. (మేము వార్నీషు అమ్ము వ్యాపారులమే, అమ్మకము కొరకు ఈ ప్రసంగమని తలచకుడు.)

మా మొదటి షెడ్డు సంగతి చెప్పుటకు సిగ్గగుచున్నది. ఓవెనుకు డబ్బు చాలక, ఇనుప పెట్టె క్రింద బొగ్గుల కుంపటి పెట్టి కాయిళ్ళు ఎండబెట్టుచుంటిమి. వానజల్లు కొట్టునని కిటికీలకు గోనెపట్టాలు కట్టితిమి. ఒక రాత్రి పనికుఱ్ఱవాడు తలనొప్పి అనెను; మేము వినిపించుకొనలేదు. కొంతసేపటికి వాడు కూలబడెను. మా గృహిణి తలుపు తీసి వానిని వాకిటిలోనికి ఈడ్చినందున బ్రదికెను. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు అని వైద్యులు చెప్పినప్పుడు తెలిసికొంటిమి. వాని తల్లి మరునాడు వచ్చి మా వాకిట కూర్చుండి, మమ్ము ఒక్క మాటయు అనలేదు. నేడు వాడు స్వంత పనిశాల పెట్టుకొనియున్నాడు. కిటికీ మాత్రము ఎన్నడును మూయడు.

కావున మూసిన గదిలో కుంపటి వలదు. వేడిని తానే అదుపు చేసికొను విద్యుత్ ఓవెను పెట్టుడు. పిల్లలు పండుకొను గదిగోడకు ఆనించక, షెడ్డు వెలుపల వేరుగా చావడి దింపుడు. ఓవెనుకు రెండు రేకుల నడుమ రాక్‌వూలు కూరవచ్చును. పాత ఆస్బెస్టాసు ముక్కలు చౌకగా దొరకును గాని ఆ దుమ్ము ఊపిరితిత్తులను చెరచును. మరియొక సంగతి: థిన్నరు ఆవిరి గాలికంటె బరువైనది, నేలనంటి ప్రాకును. పైన ఫ్యాను పెట్టి ఊరకుండిన చాలదు. నేలమట్టమున కన్నములు విడువవలెను. థిన్నరు డబ్బాలు ఓవెను దరిదాపుల ఉండరాదు.

మధుర నుండి వచ్చిన మిత్రులు తమకు తేమకంటె ఎండయే శత్రువందురు. నిజమే. రేకు కప్పుకు వేసవికి ముందు తెల్లని సున్నము రెండు పూతలు పూయుడు. రేకు క్రింద అడుగు ఖాళీ విడిచి తడికె కట్టుడు. 1636లో తిరుమల నాయకుడు కట్టించిన మహలులో మిట్టమధ్యాహ్నము నిలిచినవారికి ఎత్తైన కప్పును మందమైన గోడయును చేయు మేలు తెలియును. మనకు అంత ఎత్తు అక్కరలేదు గాని, తల తగులునంత తక్కువగా రేకు వేయుట లోభమే.

కట్టుబడిలో ఉన్నవారు నక్షా తీసికొని ఆదివారము ఉదయము మా దుకాణమునకు రండు. ఓవెను తలుపు ఎటు తెరవవలెనో, కన్నములు ఎచట విడువవలెనో గోడలు లేవక మునుపే కూర్చుండి చూచుకొందము.