కొర్రీలన్నీ ఒకే కాగితంపై
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఎందుకు కలుసుకుంటున్నామో మీకందరికీ తెలిసిందే. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. 1979 మార్చి 31 అని ఒక గీత గీసి, అంతకు ముందు రిటైరైన కేంద్ర ఉద్యోగులకు కొత్త పెన్షను లెక్క వర్తించదనడం చెల్లదని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. పెన్షను దయతలచి ఇచ్చే దానం కాదు, హక్కు అని తేల్చింది.

ఆ వార్తకు మా సెక్షనులో అందరం సంతోషించాం. అప్పుడు నేను చిన్న గుమాస్తాను. మరుసటి ఏడాది జరిగిన ఒక సంగతి మీ ముందు ఒప్పుకోదలచాను.

సర్వీసులో ఉండగా చనిపోయిన ఒక అటెండరు భార్య కుటుంబ పెన్షను కాగితాలు నా సీటుకు వచ్చాయి. ఆమె మొదటిసారి వచ్చినప్పుడు వారసత్వ ధృవీకరణ పత్రం లేదన్నాను. అది తెచ్చాక ఫోటోలన్నాను. అవీ తెచ్చాక, సర్వీసు రిజిస్టరులో పేరు ఒకలా, దరఖాస్తులో మరొకలా ఉందన్నాను. నాలుగోసారి వేలిముద్రల కాగితం. ఒక్క కొర్రీ కూడా రూల్సుకు విరుద్ధం కాదు. పైసా అడగలేదు, కటువుగా మాట్లాడలేదు. కనుక నేను మంచి ఉద్యోగిననే నా నమ్మకం.

ఆ రోజు ఆమె, "బాబూ, ఇంకా ఏమేం కావాలో ఒక్కసారే చెప్పండి. బస్సు ఛార్జీకి కూడా చేబదులు తెచ్చుకుంటున్నాను" అన్నది. మా సూపరింటెండెంటు గారు ఫైలు తిరగేసి, "ఏమోయ్, మొదటిరోజే ఈ నాలుగూ నీకు కనబడలేదా?" అని మాత్రం అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ నెలల్లోనే ఆమె పెద్దకొడుకు బడి మాని హోటల్లో పనికి కుదిరాడని తరువాత తెలిసింది. పెన్షను బకాయిలతో సహా వచ్చింది. పిల్లవాడు మాత్రం మళ్ళీ బడికి పోలేదు. నా పెన్షను హక్కని సంబరపడినవాణ్ణి, ఆమె పెన్షను నేను చేసిపెట్టే ఉపకారమనుకున్నాను.

ఆ తరువాత, కావలసిన పత్రాలన్నీ తెలుగులో ఒకే కాగితంపై రాసి, కార్బన్ పెట్టి కాపీలు తీశాను. వచ్చినవారికి మొదటిరోజే చేతిలో పెట్టేవాణ్ణి. అలా చేయమని ఏ జి.ఓ.లోనూ లేదు. ఎవరూ చెప్పకపోయినా ఇది నా పని అని తోచిన ఆ రోజే నేను నిజంగా ఉద్యోగంలో చేరాననుకుంటాను.

మిత్రులారా, సీటు పోయినా ఆ పని పోలేదు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది. 2021లో ఫోనులో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే సదుపాయమూ వచ్చింది. కాని ఫోను చేతకాక, అరిగిన వేళ్ళకు ముద్ర పడక అవస్థపడే వారు మన వీధుల్లోనే ఉన్నారు. మనలో ప్రతి ఒక్కరం అటువంటి ఇద్దరి బాధ్యత తీసుకుందాం.

ఇంకొక్క మాట. ఈ రాత్రే మీ పి.పి.ఓ. నంబరు, బ్యాంకు ఖాతా, ఏ కాగితం ఎక్కడ ఉందో ఒకే కాగితంపై రాసి మీ ఇంటివారికి ఇవ్వండి. రేపు వారు ఎవరి సీటు ముందూ నాలుగుసార్లు నిలబడే అవసరం రాకూడదు.