కిటికీలు కడుగు బండికి బ్యాటరీ

బ్యాటరీ చెడిపోయినదని వినగానే, ఎక్కువ వాడుటచేత చెడినదని మనము తలచుట వాడుక. చాలసార్లు వాస్తవము వేరుగా నుండును. వాడుకొన్న శక్తిని వెంటనే, పూర్తిగా తిరిగి నింపకపోవుటచేతనే పెక్కు బ్యాటరీలు అకాలమున చెడుచున్నవి. ఈ సంగతిని స్పష్టముగా తెలుపగల వృత్తి యొకటి బ్రిటనులో కలదు. అది ఇండ్ల కిటికీ అద్దములను కడుగు వృత్తి. ఆ పనివాని బండిలోని బ్యాటరీని గూర్చి నేడు ముచ్చటింతము. మన యింటి ఇన్వర్టరునకును, మన రైతు వీపున మోయు మందు పంపునకును ఈ లెక్కయే వర్తించును గనుక, వినుట నిష్ప్రయోజనము కాదు.

పూర్వ మా పనివాడు నిచ్చెన వేసికొని, బకెట్టు పట్టుకొని మేడకెక్కి అద్దములు తుడిచెడివాడు. కాలు జారిన ప్రాణాపాయము. ఎత్తున పనిచేయుటను గూర్చిన నిబంధనలు అచ్చట 2005లో అమలులోనికి వచ్చినవి. వీలైనంతవరకు ఎత్తునకు ఎక్కకుండనే పని సాగించవలెనని వాని సారాంశము. నేలమీద నిలిచి పొడవైన కర్రతో అద్దము కడుగు పద్ధతి నేడచ్చట మిక్కిలి వ్యాప్తిలో నున్నది. వ్యానులో నీటి తొట్టి యుండును. లవణములన్నియు తీసివేసిన శుద్ధజలమును అందులో నింపుదురు. అట్టి నీరు ఆరిన పిమ్మట అద్దముపై మరక మిగులదు. గుడ్డతో తుడువ నక్కరలేదు. తొట్టిలోని నీటిని చిన్న పంపు రబ్బరు గొట్టము ద్వారా కర్రలోనికి, అచ్చటినుండి కర్ర చివరనున్న బ్రష్షునకు ఎక్కించును.

ఈ పంపు 12 వోల్టులతో నడచును. ఇంజనును ముట్టించు బ్యాటరీనుండియే దీనికి కరెంటు తీసినచో, సాయంత్రమునకు బండి కదలక వీధిలో నిలిచిపోవును. అందుచేత పంపునకు వేరొక బ్యాటరీ నుంచుదురు. అది నడుమ ఆగినచో నీరు లేదు. నీరు లేనిదే ఆ దినపు కూలి లేదు. కావున ఆ బ్యాటరీ యెంతటిది కావలెనో, దానిని ఎట్లు పోషించవలెనో తెలిసికొనుట ఆ పనివానికి జీవనాధారమైన విషయము.

మొదట లెక్క చూతము. ఒక ఆంపియరు కరెంటును ఒక గంటసేపు వాడినచో అది ఒక ఆంపియర్ గంట. పంపు పూర్తి వేగముతో నడచునపుడు ఎక్కువ కరెంటు పుచ్చుకొనును. అద్దము కడుగుటకు అంత నీరు అక్కరలేదు గనుక, వేగమును తగ్గించు సాధనము నొకదానిని అమర్చుదురు. అట్టి పంపు సగటున 4 ఆంపియర్లు పుచ్చుకొనుననియు, దినమునకు 5 గంటలు నడచుననియు అనుకొందము. నాలుగైదులు ఇరువది. అనగా దినపు ఖర్చు 20 ఆంపియర్ గంటలు.

అట్లని 20 ఆంపియర్ గంటల బ్యాటరీని కొనరాదు. సీసపు బ్యాటరీలో సగమునకు మించి శక్తిని నిత్యము తీసినచో దాని ఆయువు క్షీణించును. కావున రెట్టింపు, అనగా 40 కావలెను. గడ్డకట్టు చలిలో బ్యాటరీ సత్తువ సుమారు ఐదవ వంతు తగ్గును. ఏండ్లు గడచినకొలది మరికొంత తగ్గును. పని యెక్కువైన దినములును ఉండును. ఇవన్నియు కలుపుకొన్నచో 80 మొదలు 100 ఆంపియర్ గంటల బ్యాటరీ ఒక పంపునకు చాలును.

పరిమాణము తరువాత జాతిని చూడవలెను. ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు బ్యాటరీని నిర్మించెను. నేటికిని దాని మూలసూత్రము మారలేదు; పలకల తీరు మాత్రము పనినిబట్టి మారుచున్నది. ఇంజనును ముట్టించు బ్యాటరీలో పలకలు పలుచనగా, అధికసంఖ్యలో నుండును. అది క్షణకాలము పెద్ద కరెంటు నిచ్చుటకు పుట్టినది. గంటలకొలది మెల్లగా ఇచ్చి, మరల నింపుకొనుటకు దళసరి పలకల బ్యాటరీ కావలెను. చౌకగా దొరకినదని మొదటిదానిని పంపునకు తగిలించినవారు కొలది మాసములలోనే రెండవదానిని కొనవలసివచ్చును.

ఇటీవల లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలు వచ్చినవి. ఇవి తేలికైనవి. సీసపు బ్యాటరీ బరువులో ఇంచుమించు సగముండును. వీనిలోని శక్తిని ఐదింట నాలుగు పాళ్లవరకు వాడుకొనవచ్చును. సగము నింపి వదలినను వీనికి హాని లేదు. కాని వెల హెచ్చు. వీనికి తగిన ఛార్జరు వేరుగా కావలెను. సున్న డిగ్రీల సెంటిగ్రేడునకు దిగువ చలిలో వీనిని ఛార్జి చేయరాదు. బ్రిటనులో శీతకాలపు రాత్రి ఆరుబయట నిలిపిన వ్యానునకు ఇది ఆలోచింపదగిన విషయము.

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. బ్యాటరీని నింపు టెట్లు? బండి నడచునపుడు ఇంజనుతోపాటు తిరుగు ఆల్టర్నేటరు కరెంటు పుట్టించును. ఒక రిలే ద్వారా దానిని రెండవ బ్యాటరీకిని మళ్లింపవచ్చును. ఇక ఖర్చు లేకుండ రోజంతయు బ్యాటరీ నిండుచుండునని చాలమంది నమ్మకము. ఈ నమ్మకమును లెక్కకు పెట్టి చూతము.

కిటికీలు కడుగువాడు దూరప్రయాణము చేయడు. ఒక వీధినుండి మరియొక వీధికి పోవును. దినమున బండి నడచునది 40 నిమిషములనుకొందము. ఆ కాలమున సగటున 15 ఆంపియర్లు ఎక్కినచో, ఎక్కినది 10 ఆంపియర్ గంటలు. ఛార్జి చేయునపుడు కొంత శక్తి వృథాయగును గనుక, నిలుచునది 8 మాత్రమే. తీసినది 20, చేరినది 8, లోటు 12. ఐదు దినములు పనిచేసినచో శుక్రవారము సాయంత్రమునకు లోటు 60. నూరు ఆంపియర్ గంటల బ్యాటరీ అప్పటికి సగముకన్న దిగువకు పోయినది. ఇట్టి స్థితిలో పనివాడు బ్యాటరీ చిన్నదని తలచి ఇంకను పెద్దదానిని కొనును. పెద్ద కుండ కొన్నంతమాత్రమున బావిలో నీరు పెరుగదు గదా! కొత్త బ్యాటరీ కూడ మరికొన్ని దినములు ఆలస్యముగా అదే దారిని పట్టును.

అప్పు పడిన బ్యాటరీ కేమగును? శక్తిని ఇచ్చునపుడు రెండు పలకలమీదను సీసపు సల్ఫేటు ఏర్పడును. వెంటనే ఛార్జి చేసినచో అది మరల కరగిపోవును. దినములకొలది వదలినచో గట్టిపడి పెద్ద స్ఫటికములగును. పిమ్మట ఎంత ఛార్జి చేసినను అది పూర్తిగా కరగదు. ఆ మేరకు పలక పనికిరానిదగును.

మరియొక చిక్కు కలదు. ఇంధనమును పొదుపు చేయుటకై నేటి వ్యానులలో కొన్నిటియందు ఆల్టర్నేటరు వోల్టేజి అప్పుడప్పుడు తగ్గునట్లు ఏర్పాటు చేసినారు. అట్టి బండిలో మామూలు రిలే సరిగా పనిచేయదు. ఒక బ్యాటరీనుండి మరియొకదానికి వోల్టేజి పెంచి అందించు ప్రత్యేకమైన ఛార్జరు కావలెను.

ఏ బండియైనను, సీసపు బ్యాటరీకి రాత్రిపూట ఇంటి కరెంటుతో ఛార్జి చేయుటే నమ్మదగిన మార్గము. ఛార్జరు బ్యాటరీ సత్తువలో పదవ వంతున్నచో చాలును. నూరింటికి పది ఆంపియర్లు. మంచి ఛార్జరు మూడు దశలలో పనిచేయును. మొదట పూర్తి కరెంటు పంపి వోల్టేజిని ఇంచుమించు 14.4 వరకు తెచ్చును. తరువాత వోల్టేజి నచ్చటనే నిలిపి, కరెంటును క్రమముగా తగ్గించును. నిండిన పిదప సుమారు 13.6 వోల్టులకు దింపి కాపాడుచుండును. ఖచ్చితమైన అంకెలకు తయారుచేసినవారి సూచనలు చూడవలెను. మొదటి దశ త్వరగా ముగియును. చివరి పాలు నిండుటకు గంటలు పట్టును. నూనె దీపమువలె తొందరగా పోసి లేచిపోవుటకు వీలులేదు. రాత్రి పెట్టి తెల్లవారి తీయుట మేలు.

నిండినదో లేదో తెలిసికొనుటకు చిన్న వోల్టు మీటరు చాలును. ఛార్జరు తీసివేసి, పంపును నడపక, కొన్ని గంటలు ఊరకుంచి చూడవలెను. సీసపు బ్యాటరీ 12.7 వోల్టులు చూపినచో నిండుగా నున్నది, 12.2 చూపినచో సగమే యున్నది. 12కు దిగినచో ఆలస్యము చేయరాదు.

జాగ్రత్తలు కొన్ని చెప్పవలసియున్నవి. ఛార్జి యగునపుడు సీసపు బ్యాటరీనుండి హైడ్రొజను వాయువు వెలువడవచ్చును. నిప్పురవ్వ తగిలినచో పేలును. గాలి యాడుచోటనే ఛార్జి చేయవలెను. దగ్గర చుట్ట, బీడీ కాల్చరాదు. ఛార్జరు స్విచ్చి ఆపిన పిమ్మటనే తీగలు కలుపుటయు విప్పుటయు చేయవలెను. బండిలో బ్యాటరీని కదలకుండ బిగించి, ధనధ్రువమునకు మిక్కిలి చేరువగా ఫ్యూజు నుంచవలెను. తీగ తగినంత లావుగా నుండవలెను; సన్నని తీగలో వోల్టేజి దారిలోనే హరించిపోవును. ఆమ్లము కంటబడకుండ కాపాడుకొనవలెను.

ఇక మన యిండ్లకు వత్తము. ఇన్వర్టరు బ్యాటరీ వేసవిలో పలుమార్లు ఖాళీయగును. కరెంటు వచ్చిన పిమ్మట అది పూర్తిగా నిండువరకు అవకాశ మీయవలెను. నీరు పోయు రకమైనచో నెలకొకసారి మట్టము చూచి డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను; కుళాయి నీరు పనికిరాదు. బరువు ఎక్కువైనదని బ్యాటరీని మార్చుటకు ముందు, ఎన్ని పంకాలు, ఎన్ని దీపములు, ఎన్ని గంటలు వాడుచున్నామో కాగితముమీద వేసి చూతము.

రైతు మందుకొట్టు పంపులోను 12 వోల్టుల చిన్న బ్యాటరీయే యుండుట సాధారణము. మందు కొట్టుట ముగియగానే దానిని కడిగి కొట్టములో మూల పెట్టుదురు. మరల పైరునకు తెగులు సోకిన దినమున తీసినచో పంపు పలుకదు. పురుగు మన బ్యాటరీకై ఆగదు. వాడకపోయినను బ్యాటరీలోని శక్తి మెల్లమెల్లగా తరుగును గనుక, సీసపు బ్యాటరీయైనచో పూర్తిగా ఛార్జి చేసి దాచవలెను. నెలకో, రెండు నెలలకో ఒకసారి మరల ఛార్జి చేయవలెను.

బ్యాటరీని కొనునపుడు దుకాణదారుని మనము అడుగు ప్రశ్న సాధారణముగా ఒకటే: ఇది ఎన్ని గంటలు నడచును? దానికి తోడుగా మనలను మనము మరియొకటి అడుగవలెను: వాడినదంతయు ఎప్పుడు, ఏ విధమున తిరిగి నింపగలము? ఈ రెండవ ప్రశ్నకు జవాబు దొరకిన పిమ్మటనే సొమ్ము చెల్లించుట మంచిది.