ఇంజను ఆగిన వేళ

(జగిత్యాలలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో కరెంటు స్తంభాల నడుమ ఉద్యోగం చేసి 2004లో రిటైరైనవాణ్ణి. అలాంటి నేను ఈరోజు విమానం గురించి మాట్లాడతానంటే నవ్వకండి. నా కమ్యుటేషన్ డబ్బు, మా ఆవిడ నగలలో కొంత ఆ విమానంలోనే ఉన్నాయి.

మా కూతురి బిడ్డ పైలట్ శిక్షణ పొందుతున్నది. కమర్షియల్ లైసెన్సు రావాలంటే మన దేశంలో 200 గంటలు విమానం నడపాలి. ఆమెకు అరవై గంటలు దాటిన రోజుల్లో ఒక ఉదయం, పక్కన శిక్షకుడు ఉండగానే, ఆ రెండు సీట్ల విమానం ఇంజను ఆగిపోయింది. వరి కోసిన మడిలో దించారు. ముందు చక్రం ఒడ్డుకు తగిలి విరిగింది. దేవుని దయవల్ల ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు.

ఫోను వచ్చిన రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. "నగలు పోతే పోయినయి, పిల్ల దక్కింది. ఇగ చాలు, ఇంటికి పిలువుండ్రి" అన్నది మా ఆవిడ. ఫీజు కట్టింది నేను గనుక అందరూ నా ముఖమే చూశారు.

పిల్ల పది రోజులు ఇంటికి వచ్చింది. వద్దని చెప్పే ముందు అసలేం జరిగిందో తెలుసుకోవాలనిపించి అడిగాను.

"తాతా, ఇంజను ఆగితే విమానం రాయిలెక్క పడదు. రెక్కలున్నయి గద, జారుకుంట దిగుతది" అన్నది. అలాంటి చిన్న విమానం 2,000 అడుగుల ఎత్తులో ఉంటే, గాలి లేనప్పుడు సుమారు 5 కిలోమీటర్లు జారగలదట. చేతిలో ఉండేది మూడు నిమిషాల లోపే. మొదట వేగం సరిచూసుకోవాలి. తర్వాత దిగేచోటు ఎంచుకోవాలి. ఆ తర్వాతే పెట్రోలు మీట, కార్బురేటర్ వేడి, మాగ్నెటోలు చూసి ఇంజనును మళ్ళీ నడపటానికి ప్రయత్నించాలి. రేడియోలో "మేడే" అని మూడుసార్లు చెప్పాలి. నేల దగ్గర పడ్డాక పెట్రోలు, కరెంటు రెండూ ఆపి, తలుపు కొంచెం తెరిచి పెట్టాలి. ఇదంతా ఇంజను బాగున్నప్పుడే శిక్షకుడు దాన్ని తగ్గించి పదేపదే చేయిస్తాడట. నేల విడిచిన వెంటనే ఇంజను ఆగితే మాత్రం వెనక్కి తిరిగి రన్‌వేకు రావాలన్న ఆశ పెట్టుకోవద్దట. తక్కువ ఎత్తులో అలా తిరగబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ప్రపంచమంతటా ఉన్నారు.

మరునాడు బస్సులో కోరుట్లకు పోతూ ఆటగా అడిగాను: "బిడ్డా, ఇప్పుడు ఇంజను ఆగింది. ఎక్కడ దించుతవ్?" నీళ్ళు నిలిచిన వరి మడి వద్దన్నది, చక్రం దిగబడి బోల్తా పడుతుందట. పసుపు చేను బోదెలున్నవైపే దించాలి గాని అడ్డంగా కాదన్నది. సిరిసిల్ల దారిలో మిడ్ మానేరు నీళ్ళు చూపించి "అది చివరికి" అన్నది. ఒక చెలక నాకు బాగుందనిపించి చూపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "తాతా, పైకెళ్ళి మీ తీగలు కనబడవు. స్తంభాలే కనబడతయి. రెండు స్తంభాలు కనబడితే నడుమ తీగ ఉన్నట్టే." చూస్తే నిజమే, ఆ చెలక మీదుగా లైను పోతున్నది. జీవితమంతా తీగలు కట్టినవాడికి ఆ ముక్క ఆనాటిదాకా తట్టలేదు.

అయితే నేర్పు ఒక్కటే చాలదు. మన హైదరాబాదు పక్కన దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలో హెచ్.పి.టి.-32 దీపక్ విమానాల మీద ఏళ్ళ తరబడి శిక్షణ ఇచ్చారు. వాటికి ఇంజను ఆగిపోవడం పదేపదే వచ్చిన చిక్కు. 2009 జులైలో ఒక విమానం కూలి ఇద్దరు శిక్షకులే చనిపోయారు. ఆ తర్వాత వాటిని ఎగరనివ్వలేదు. అప్పటికి 17 ప్రమాదాలలో 19 మంది పైలట్లు పోయారు. 2013లో స్విట్జర్లాండు నుంచి పిలాటస్ విమానాలు వచ్చాయి. నేర్పే గురువులనే యంత్రం మింగిందంటే, లోపం చేతిలో లేదన్నమాట.

మన శాఖవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఎంత పనిమంతుడైనా లైన్ క్లియర్ లేనిదే స్తంభం ఎక్కడు.

అందుకే ఆమెను ఒక్కటే అడిగాను. "విమానం మీద అనుమానం వస్తే, ఇయ్యాల ఎగరనని చెప్పగలవా?" కాసేపు ఆలోచించింది. ఎగిరే ముందు ట్యాంకులోంచి పెట్రోలు కొంచెం గాజు గొట్టంలోకి తీసి నీళ్ళున్నాయేమో చూస్తారని, లోపాలు రాసే పుస్తకం చదువుతారని చెప్పింది. "చెప్తే అందరూ నవ్వుతరేమో తాతా" అన్నది. "నవ్వనీ బిడ్డా. లైన్ క్లియర్ అడిగినందుకు నన్నూ నవ్విండ్రు. నవ్వినోళ్ళల్ల ఇద్దరు ఇయ్యాల లేరు" అన్నాను. మాట ఇచ్చింది.

పంపించాను. మా ఆవిడ నాతో వారం రోజులు సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు పిల్లకు నూటపది గంటలు పూర్తయ్యాయి. మధ్యలో ఒకసారి ఫోను చేసి, "తాతా, ఇయ్యాల ఎగరనన్న. పెట్రోలుల నీళ్ళు కనబడ్డయి" అన్నది. ఆ రోజు నాకు నిద్ర పట్టింది.

మన పిల్లలు, మనవలు మనకు తెలియని పనుల్లోకి పోతున్నారు. భయం వేసినప్పుడు "వద్దు" అనడం తేలిక. దానికి ముందు ఒక్కసారి కూర్చుండబెట్టి అడగండి. మన పాత ఉద్యోగంలో నేర్చిన ముక్క ఏదో ఒకటి వాళ్ళకు పనికి రాకపోదు.