నెట్ ఆగిందా? ఫైలు వెతికినట్లే వెతకండి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం సేకరించిన జీవోలు, పెన్షన్ సవరణ ఉత్తర్వులు స్కాన్ చేసి మా ఇంట్లో ఒక చిన్న కంప్యూటరులో భద్రపరచిన సంగతి మీకు తెలిసినదే. అది రాత్రింబగళ్లు నడుస్తుంది. దానినే సర్వరు అంటారు. మీరు ఇంట్లో కూర్చుని ఫోనులో ఆ కాగితాలు చూసుకుంటున్నారు. కానీ మా ఇంట్లో నెట్ ఆగితే మీకందరికీ ఆగినట్లే. కిందటి వర్షాకాలంలో కీర్తిశేషులైన ఒక సభ్యుని సతీమణికి ఫ్యామిలీ పెన్షన్ దరఖాస్తు కోసం ఒక జీవో ప్రతి అవసరమైన రోజునే లైను పోయింది. పాపం, ఆవిడ రెండు బస్సులు మారి మా ఇంటికి రావలసి వచ్చింది. అందువల్ల ఈ విషయం మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు.

ఇది ఇంజనీర్లకే తెలిసిన విద్య అనుకోకండి. ఫైలు కనబడకపోతే మనం ఏం చేసేవాళ్లం? ఇన్‌వార్డు రిజిస్టరు, సెక్షను, సూపరింటెండెంటు గారి బల్ల, డిస్పాచి, ఇలా వరుసగా చూసేవాళ్లం. ఎంతవరకు వచ్చిందో తెలిస్తే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. నెట్ విషయమూ అంతే.

మొదట గోడమీది ఫైబర్ పెట్టె దీపాలు చూడండి. ఎల్.ఓ.ఎస్. అని రాసిన చోట ఎర్రదీపం వెలిగితే బయటినుంచి కాంతి రావడం లేదని అర్థం. ఫైబరులో ప్రయాణించేది కరెంటు కాదు, కాంతి. అప్పుడు ఇంట్లో మనం చేయగలిగింది తక్కువ. తీగ ఎక్కడైనా మడత పడిందేమో చూసి, కంపెనీకి ఫోను చేసి ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. తీగ ఊడదీసి కొసలోకి కన్నుపెట్టి చూడకండి. ఆ కాంతి కంటికి కనబడదు కానీ హాని చేయగలదు.

ఎర్రదీపం లేకపోతే రెండో మెట్టు. పెట్టెకు, సర్వరుకు మధ్య చూడాలి. సర్వరు చిరునామా 169.254 తో మొదలైతే పెట్టె దానికి నంబరు కేటాయించలేదన్నమాట. కరెంటు పోయి వచ్చినప్పుడు ఇది జరుగుతుంది. పెట్టె పూర్తిగా లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కంప్యూటరు ముందే లేచి కూర్చుంటుంది. దీపాలు నిలకడగా వెలిగాక కంప్యూటరును మళ్లీ ఆన్ చేస్తే చాలు. సర్వరుకు ఎప్పుడూ ఒకే నంబరు ఇచ్చేలా పెట్టెలో ఏర్పాటు చేయించుకోవడం ఇంకా మంచిది. నంబరు మారితే బయటినుంచి వచ్చేవారు పాత గుమ్మం దగ్గరే నిలబడిపోతారు.

మూడో మెట్టు. కంప్యూటరులో పింగ్ 8.8.8.8 అని కొట్టండి. అది గూగుల్ వారి చిరునామా. జవాబు వచ్చి, పేరు కొడితే మాత్రం ఏ సైటూ తెరుచుకోకపోతే లైను బాగానే ఉంది. పేరును నంబరుగా మార్చే డి.ఎన్.ఎస్. దగ్గర లోపం.

నాలుగోది చిత్రమైనది. ఇంట్లో అన్నీ పనిచేస్తాయి, బయటివారికి మాత్రం సర్వరు తెరుచుకోదు. పాత పద్ధతి చిరునామాలు ప్రపంచం మొత్తానికి సుమారు 429 కోట్లే. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఉన్న నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. అందుచేత కంపెనీలు అనేక ఇళ్లకు కలిపి ఒకే చిరునామా వాడుతున్నాయి. గది నంబరు లేకుండా హాస్టలుకు వచ్చిన ఉత్తరం ఎవరికి చేరుతుంది? పెట్టెలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 లోపు ఉంటే ఇదే సంగతి. అదనపు రుసుము కట్టి స్థిర చిరునామా తీసుకోవాలి. మన సర్వరుకు అలాగే తీసుకున్నాం.

ఇక ముఖ్యమైన మాట. నోటుబుక్కులో మూడు గళ్లు గీయండి: సమయం, దీపాల స్థితి, వాతావరణం. మాకు నెట్ పోయినప్పుడల్లా కంపెనీ మనిషి వచ్చేవాడు, పెట్టె ఆపి మళ్లీ వేసేవాడు, “సరిపోయింది సార్” అని వెళ్లేవాడు. మూడు వారాల పట్టిక అతని ముందు పెట్టాను. ప్రతిసారీ ఎర్రదీపమే, ప్రతిసారీ గాలి వీచిన రోజే. అది చదివి అతను పెట్టె వదిలి వీధిలోకి నడిచాడు. స్తంభానికి, మా మేడకు మధ్య వేపకొమ్మ రాసుకుని తీగ దెబ్బతింది. ఆ ముక్క మార్చారు. తరవాత గాలికి లైను పోలేదు. నోటిమాటకు రాని జవాబు కాగితానికి వస్తుందని మనకంటె ఎవరికి తెలుసు?

మరొక మనవి. పెట్టె వెనుక చిన్న రంధ్రంలో ఉండే రీసెట్ బొత్తాము నొక్కవద్దు. కరెంటు ఆపి వేయడం వేరు, అది వేరు. దానితో యూజర్‌నేము, పాస్‌వర్డుతో సహా అమర్చినవన్నీ చెరిగిపోతాయి. ఎవరైనా “నొక్కండి” అంటే ముందు ఆ వివరాలు కాగితం మీద ఉన్నాయో లేదో చూసుకోండి.

లైఫ్ సర్టిఫికెట్ కోసం 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చిన నాటినుంచి మన పెన్షనుకు, ఈ తీగకు సంబంధం ఏర్పడింది. దానిని వరుసగా పరీక్షించడం మనమే నేర్చుకుంటే, పిల్లలు ఊళ్లో లేని రోజున కూడా మన పని ఆగదు.